హైస్కూల్లో రాష్ట్ర పరీక్ష తీసేసి అందరికీ శాట్, ఏసీటీ పెట్టడం మంచిదేనా? ఇల్లినాయ్‌లో నేను చూసింది

మీరు అడిగింది ఇదీ: మీ అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. మీ ఊళ్లో స్కూల్ బోర్డు మీటింగుల్లో, హైస్కూల్లో రాష్ట్రం పెట్టే పరీక్ష తీసేసి అందరికీ, అమెరికా కాలేజీల్లో చేరడానికి రాసే శాట్ గానీ ఏసీటీ గానీ పెడితే సరిపోతుందన్న మాట నడుస్తోంది. ఎలాగూ కాలేజీకి అదే రాయాలి కదా, ఒక పరీక్ష తగ్గితే పిల్లలకు టెన్షన్ తగ్గుతుంది కదా అని మీకనిపిస్తోంది. ఇప్పటికే అలా చేసిన రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పమన్నారు.

మేం ఉండేది షికాగో శివార్లలోనండి. 2013 నుంచి ఇక్కడ ఒక పబ్లిక్ హైస్కూల్లో లెక్కల క్లాసుల్లో టీచర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. ఇద్దరు పిల్లలూ ఈ బళ్లలోనే చదివారు. నేను చేరినప్పుడు ఇక్కడి పరీక్షలో ఒక రోజంతా ఏసీటీయే ఉండేది. 2015లో దాన్ని తీసి పార్క్ అనే పరీక్ష తెచ్చారు. 2017లో పదకొండో తరగతికి శాట్ వచ్చింది. 2025లో శాట్ పోయి మళ్లీ ఏసీటీ వచ్చింది. మూడు మార్పులూ క్లాసురూములో ఉండి చూశాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రతి పిల్లకీ, పిల్లాడికీ వాళ్ల బళ్లోనే, బడి రోజే, ఉచితంగా శాట్ పెట్టడం చాలా మంచి పని. దానికోసం ఏ మీటింగులోనైనా లేచి మాట్లాడతాను. కానీ మిగతావన్నీ తీసేసి, బడి పాఠాలు సరిగ్గా చెప్పిందా లేదా అన్నది కూడా ఆ ఒక్క స్కోరుతోనే తేల్చడం సరికాదు. ఈ రెండూ వేరు వేరు విషయాలు. మీటింగుల్లో రెండింటినీ కలిపేసి మాట్లాడతారు, మీరు మాత్రం విడదీసి చూడండి.

మంచి వైపు ముందు. 2018లో మా బళ్లో ఒక అబ్బాయి ఉండేవాడు. సాయంత్రాలు పిజ్జా షాపులో పని, శని ఆదివారాలు వాళ్ల నాన్నతో కలిసి ఇళ్ల ముందు గడ్డి కోసే పని. శాట్ సొంతంగా రాయాలంటే ముందే రిజిస్టర్ చేసుకోవాలి, ఫీజు కట్టాలి, శనివారం తెల్లారగానే ఎక్కడో ఉన్న సెంటరుకు వెళ్లాలి. శనివారమంటే వాడికి పని రోజు. ఫీజు మాఫీ చేయించుకోవచ్చని వాళ్లింట్లో ఎవరికీ తెలియదు. కానీ ఇక్కడ ఏప్రిల్‌లో, బడి రోజే, పదకొండో తరగతి వాళ్లందరూ రాయాల్సిందే. పాస్ కావాలన్న రూలు లేదు గానీ, అసలు రాయకపోతే డిప్లొమా ఇవ్వరు. ఆ రోజు ఆ గదిలో ఇన్విజిలేషన్ నాదే. వాడు పెన్సిల్ కూడా తెచ్చుకోలేదు. నా పర్సులో ఉన్న పెన్సిల్ తీసి ఇచ్చాను.

1600కి 1190 వచ్చింది. స్కోరు కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చి, "ఇది మంచిదేనా?" అని అడిగాడు. నిజంగా వాడికి తెలియదు. కౌన్సెలర్ వాళ్లమ్మను పిలిపించి, స్పానిష్ వచ్చిన ఇంకో టీచర్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆర్థిక సాయం కోసం ఫాఫ్సా ఫారం ఎలా నింపాలో గంటసేపు చెప్పింది. ఆ అబ్బాయి ఒక స్టేట్ యూనివర్సిటీలో చేరాడు. ఆ పరీక్ష శనివారమే ఉండుంటే వాడి సంగతి వాడికే తెలిసేది కాదు.

ఇది ఒక్క పిల్లాడి కథ కాదండి. మిషిగన్‌లో 2007లో ఏసీటీని అందరికీ తప్పనిసరి చేశారు. దాని మీద జాషువా హైమన్ అనే ఆర్థికవేత్త చేసిన పరిశోధన 2017లో వచ్చింది. పేద పిల్లల్లో తమంతట తాము పరీక్ష రాసి కాలేజీకి తగిన స్కోరు తెచ్చుకున్నవాళ్లు 1,000 మంది ఉంటే, రాస్తే అంత స్కోరు తెచ్చుకోగలిగీ అసలు రాయకుండా మిగిలిపోయినవాళ్లు దాదాపు 480 మంది అని అందులో తేలింది. 480 మంది! అయితే అదే పరిశోధనలో ఇంకో మాట కూడా ఉంది. అందరూ పరీక్ష రాసినా, నాలుగేళ్ల కాలేజీల్లో చేరినవాళ్ల శాతం పెరిగింది ఒక పాయింటు లోపే. నాకు ఇందులో ఆశ్చర్యం ఏమీ కనిపించలేదు. స్కోరు వచ్చాక ఆ తల్లిని పిలిచి గంటసేపు కూర్చోబెట్టే కౌన్సెలర్ ఉండాలి కదా. వందల మందికి ఒక్క కౌన్సెలర్ ఉన్న బళ్లో ఆ కాగితం బ్యాగులో మడతపడి ఉండిపోతుంది.

ఇంకో మంచి కూడా చెప్పాలి. పార్క్ ఉన్న రోజుల్లో, అది కాలేజీకి పనికిరాదని తెలిసి మా పిల్లలు కొందరు గబగబా ఏదో ఒకటి నొక్కేసి తల బల్ల మీద పెట్టుకుని పడుకునేవాళ్లు. శాట్ వచ్చాక అలా పడుకున్నవాళ్లు నాకు కనిపించలేదు. తమకు పనికొచ్చే పరీక్షను పిల్లలు మనసుపెట్టి రాస్తారు, అది నిజం.

ఇక నష్టం ఎక్కడ మొదలవుతుందంటే, బడి పేరు ప్రతిష్ఠలన్నీ ఆ ఒక్క పరీక్ష మీదే నిలబడినప్పుడు.

నేను ఎక్కువగా ఉండేది ఆల్జీబ్రా 2 క్లాసులో. అందులో లాగరిథమ్స్ ఉంటాయి. రాష్ట్ర సిలబస్‌లో ఉన్నవే. శాట్‌లో అవి రావు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మా దగ్గర వారానికి రెండు రోజులు శాట్ ప్రాక్టీసు నడిచేది, లాగరిథమ్స్ మే నెలకు జరిగేవి. మే నెలలో పిల్లల మనసు ఎక్కడుంటుందో మీకు తెలుసు. మరుసటి ఏడు అదే పిల్లలు ప్రీకాల్కులస్‌లో కూర్చుని, లాగ్ అంటే ఏంటి మిస్ అని అడిగితే నాకు గుండె చివుక్కుమనేది. టీచర్ది తప్పనను. ఆవిడ మీద ఎంత ఒత్తిడి ఉందో పక్కనే ఉండి చూశాను.

2024లో శాట్ కాగితం మీంచి కంప్యూటర్ మీదికి వచ్చింది. అందులోనే గ్రాఫులు గీసే డెస్మోస్ క్యాలిక్యులేటర్ ఉంటుంది. ఒక అమ్మాయి నా పక్కన కూర్చుని ప్రాక్టీసు చేస్తోంది. రెండు సమీకరణాలు టైపు చేసింది, రెండు గీతలు కలిసిన చుక్క మీద నొక్కింది, జవాబు వచ్చేసింది. పది సెకన్లు కూడా పట్టలేదు. "ఆ చుక్క దగ్గర ఏం జరుగుతోందమ్మా? అదే జవాబు ఎందుకయింది?" అని అడిగాను. నా వైపు చూసింది, స్క్రీన్ వైపు చూసింది, భుజాలెగరేసింది. ఆ ప్రశ్నకు ఆ అమ్మాయికి పూర్తి మార్కులు వస్తాయి. చదివే భాగంలోనూ అంతే. కొత్త శాట్‌లో ఒక్కో పేరా 150 పదాలు దాటదు, దాని మీద ఒకే ప్రశ్న. పదిహేను పేజీలు చదివి, తనదంటూ ఒక వాదన కట్టి రాయగలదా లేదా అన్నది ఆ పరీక్ష అడగదు. అది అడగాల్సింది బడి. బడిని అడిగేవాళ్లు లేకపోతే ఆ పని మెల్లగా పక్కకు వెళ్లిపోతుంది.

మన వాళ్లకు ఇది అర్థం కావడం కష్టమేం కాదు. ఇంటర్ బోర్డు పరీక్షలు ఎత్తేసి, ఎంసెట్ ర్యాంకులు చూసి కాలేజీ మంచిదా కాదా తేలుద్దాం అన్నారనుకోండి. ఏం జరుగుతుంది? నేను గుంటూరులో ఎంపీసీ చదివాను. బోర్డు పరీక్ష ఉన్న ఆ రోజుల్లోనే మా కాలేజీలో రెండేళ్లలో ల్యాబుకి వెళ్లిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఫిజిక్స్ రికార్డు సీనియర్ల దగ్గర తెచ్చుకుని రాత్రంతా కూర్చుని ఎక్కించుకున్నాం. వెర్నియర్ కాలిపర్స్ చేత్తో పట్టుకోకుండానే దాని లీస్ట్ కౌంట్ ఎంతో చెప్పగలిగేదాన్ని. ఆ ప్రాక్టికల్స్ పరీక్ష కూడా లేకపోతే ఆ నాలుగు రోజులు కూడా ఉండేవి కావు. ర్యాంకు కోసం చదివే చదువు ఎలా ఉంటుందో మనం అనుభవించి వచ్చినవాళ్లం. అందుకే ఇక్కడ అదే దారి పడుతుంటే నాకు ఊరుకోబుద్ధి కాదు.

అందరి పిల్లలకూ ఒకే పరీక్ష అన్నప్పుడు అందరి పిల్లల గురించీ ఆలోచించారా అన్నది కూడా చూడాలి. 2017లో, శాట్ పెట్టిన మొదటి ఏడాది, గ్వాటెమాలా నుంచి వచ్చి రెండేళ్లయిన ఒక అమ్మాయి ఉండేది. ఇంగ్లీష్ ఇంకా నేర్చుకుంటోంది. అదనపు సమయం ఇచ్చారు, ఒళ్లు దగ్గర పెట్టుకుని చక్కగా రాసింది. తర్వాత తెలిసింది, అలా అదనపు సమయం తీసుకుంటే ఆ స్కోరు రాష్ట్రం లెక్కలకు పనికొస్తుంది గానీ కాలేజీకి పంపడానికి కుదరదని. అప్పటి రూలు అలా ఉండేది. ఆ మాట ఆ అమ్మాయికి చెప్పాల్సి వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఏడవలేదు, సరే మిస్ అని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ రూలు మారింది, యాభై శాతం ఎక్కువ సమయం తీసుకున్నా స్కోరు చెల్లుతుందన్నారు. ఆ అమ్మాయికి మాత్రం ఆ మార్పు అందలేదు.

కటాఫ్‌ల సంగతి ఒకటి. శాట్ లెక్కల్లో 800కి 530 వస్తే, కాలేజీ మొదటి సెమిస్టర్ లెక్కల్లో సీ గ్రేడో అంతకన్నా మెరుగ్గానో రావడానికి 75 శాతం అవకాశం ఉందని ఆ పరీక్ష వాళ్ల లెక్క. ఇంత వస్తే పిల్లలు బాగా చదువుతున్నట్టు అన్న గీతను ఇల్లినాయ్ 540 దగ్గర పెట్టుకుంది. 2025లో ఏసీటీకి మారాక లెక్కల్లో 36కి 19 వస్తే చాలన్నారు. ఏసీటీ వాళ్ల సొంత గీత మాత్రం 22. 540 మరీ ఎక్కువని వాదించినవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. నేను చెప్పేది వేరు. పరీక్ష మారినా, గీత జరిగినా, మీ బళ్లో ఇంత శాతం పిల్లలు బాగా చదువుతున్నారన్న అంకె ఒక్కసారిగా మారిపోతుంది. పాఠాలు అవే, టీచర్లు వాళ్లే. గత ఏడాదితో పోల్చి చూసుకోవడానికి ఇక ఏమీ మిగలదు.

మా అబ్బాయి సరిగ్గా ఆ మార్పు మధ్యలో పడ్డాడు. తొమ్మిదిలో, పదిలో బళ్లో రాయించింది శాట్‌కి తయారుచేసే పీశాట్. పదకొండులోకి వచ్చేసరికి ఏసీటీ. దానికి వేగం వేరు, సైన్స్ భాగం అదనం. రెండేళ్ల అలవాటు పనికిరాకుండా పోయింది. మేం కొనిపెట్టగలం కాబట్టి పుస్తకాలు కొన్నాం, విడిగా శాట్ కూడా రాయించాం. మా అమ్మాయి 2019లో శాట్ రాసినప్పుడు ఈ గొడవే లేదు.

టెన్షన్ తగ్గుతుందా అన్నారు. మా దగ్గర తగ్గలేదండి, ముఖ్యంగా మన ఇళ్లల్లో. బళ్లో ఒకసారి ఉచితంగా రాశాక, ఇంకో యాభై పాయింట్లు పెంచాలని రెండోసారి, మూడోసారి. అరోరా బాలాజీ గుడిలో ప్రసాదం క్యూలో నిలబడ్డా అదే మాట, మీ వాడికి ఎంత వచ్చింది అని. పిల్లలు పక్కనే ఉంటారు, వింటుంటారు. దయచేసి మీరు ఆ ప్రశ్న ఎవర్నీ అడగకండి.

ఇక మీరు చేయగలిగింది. 2015లో వచ్చిన కేంద్ర విద్యా చట్టం ప్రకారం హైస్కూల్లో కనీసం ఒకసారి చదవడం, లెక్కలు, సైన్స్ పరీక్షించాలి. దేశమంతా గుర్తించే పరీక్షను అందుకు వాడుకోవడానికి కూడా అదే చట్టం వీలిచ్చింది. అంటే మీ బోర్డు అడుగుతున్నది చట్టం ఒప్పుకునేదే, కాబట్టి చట్టం పేరు చెప్పి అడ్డుకోలేరు. మైక్ దగ్గరికి వెళ్లి ఇవి అడగండి: పరీక్ష బడి రోజే, ఉచితంగా పెడతారా? ఇంగ్లీష్ నేర్చుకుంటున్న పిల్లలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు అదనపు సమయం తీసుకుంటే వాళ్ల స్కోరు కాలేజీలు తీసుకుంటాయా? ఆ పరీక్షలో రాని పాఠాలు, అంటే పెద్ద వ్యాసం రాయడం, ల్యాబ్ పని, ఆల్జీబ్రా 2లో మిగిలిన భాగాలు, జరిగాయో లేదో ఎవరు చూస్తారు, ఎలా చూస్తారు? పరీక్ష పెట్టే కంపెనీతో కాంట్రాక్టు ఎన్నేళ్లు? స్కోర్లు వచ్చాక పిల్లలతో కూర్చోవడానికి కౌన్సెలర్లను పెంచుతారా? నా దృష్టిలో ఈ చివరి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. రెండు నిమిషాలే టైం ఇస్తే అదొక్కటే అడగండి.

మీ అమ్మాయి విషయానికొస్తే, తొమ్మిదిలోనే కోచింగ్ వద్దు. ఆల్జీబ్రా గట్టిగా పట్టుబడేలా చూడండి, రోజూ ఏదో ఒకటి పొడుగ్గా చదివించండి. పదో తరగతి ఎండాకాలంలో శాట్‌దీ ఏసీటీదీ ఒక్కో ప్రాక్టీసు పేపరు ఇంట్లోనే టైం పెట్టి రాయించి, ఏది తనకు హాయిగా ఉందో తననే తేల్చుకోనివ్వండి. ఎంఐటీ 2022లో, డార్ట్‌మత్ 2024లో స్కోర్లు మళ్లీ తప్పనిసరి చేశాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీ అయితే స్కోరు చూడనే చూడదు. కాబట్టి తను ఎక్కడికి వెళ్లాలనుకుంటోందో పదకొండులోకి వచ్చాక ఆ కాలేజీల వెబ్‌సైట్లలో చూసుకోండి. మీటింగు ఎప్పుడో చెప్పండి, ఇక్కడి కాగితాల్లో మీకు పనికొచ్చేవి వెతికి పెడతాను.