పాత ట్రాఫిక్ సిగ్నల్ కంట్రోలర్‌లో ప్రతి చుట్టుకూ రంగు జారడం

డయల్‌లో ఒక కీ తక్కువైంది. డయల్ అంటే మోటారు తిప్పే గాళ్ల చక్రం, ఆ గాళ్లలో పెట్టే చిన్న ముక్కలే కీలు. ఒక్కో కీ దాటినప్పుడల్లా దీపాలను మార్చే డ్రమ్ము ఒక మెట్టు కదులుతుంది. రంగు చుట్టుకొక మెట్టు వెనకబడుతోందని మీరు రాశారు కదా, అది దాని గుర్తే. మీ విజయనగరం కాలేజీ ల్యాబ్‌లోని ఈ అమెరికా కంట్రోలర్‌కు చుట్టుకు 60 సెకన్ల గేరు 72 సెకన్లు తీసుకోవడం మాత్రం లోపం కాదు. మోటారు 60 హెర్ట్జ్‌ది, మన కరెంటు 50. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీనే మారుస్తుంది, హెర్ట్జ్‌ను కాదు.

1. కరెంటు తీసేసి, దీపాల తీగలు విప్పండి.

2. కీలు లెక్కపెట్టండి. పచ్చ, పసుపు, అంతా ఎరుపు, రెండు దారులకూ కలిపి 6 ఉండాలి. పసుపు కీ పక్కనే ఉండే ఎరుపు కీ తరచు కంటపడదు. గాడిలో సగమే దిగినా డ్రమ్ము కదలదు, వేలితో నొక్కి చూడండి.

3. చాలామంది వదిలేసేది ఇదే. కీ పెట్టగానే పని అయిపోదు. డయల్‌ను చేత్తో తిప్పి, ఆఖరి కీ దాటగానే ఆపండి. అప్పుడు డ్రమ్ము మొదటి దారి పచ్చ దగ్గర ఉండాలి. లేకపోతే మెట్టు మెట్టుగా తెచ్చి అక్కడ నిలపండి. ఇది చేయకపోతే పచ్చకు రావలసిన సమయం పసుపుకు పోతుంది.

4. డయల్‌కు 100 గాళ్లు, చుట్టుకు 72 సెకన్లు కాబట్టి ఇప్పుడు ఒక గాడి 0.72 సెకను. పసుపుకు 5 గాళ్లు ఇవ్వండి, 3.6 సెకన్లు వస్తాయి.

రెండు పచ్చలూ ఒకేసారి వెలగడం లేదని మీటరుతో చూశాకే దీపాలు కలపండి.