గ్రౌట్‌కు నయమవుతుందా?

సందేహం: మా ఇంటి ఈతకొలనులో గోడల టైల్స్ మధ్య సందుల్లో నింపిన గ్రౌట్ పోయింది. కొత్త గ్రౌట్ తెప్పిస్తే పాకెట్ మీద తెలుగులో ఇలా ఉంది: ‘పెంకుల మధ్య పాత గ్రౌట్‌ను తొలగించండి. కొత్త గ్రౌట్‌ను వర్తింపజేయండి. నయం కావడానికి అనుమతించండి.’ ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం గానీ, సరిగ్గా ఎలా రాయాలో మాకూ తట్టలేదు. గ్రౌట్‌కు తెలుగు మాట ఏమిటి? టైల్స్ అనాలా, టైళ్లు అనాలా?

సమాధానం: గ్రౌట్‌ను గ్రౌట్ అనే అనండి. ‘సంధిపూరకం’ అని ఒక మాట ఇప్పుడే కట్టి ఇవ్వగలను. కానీ పనిలోకి వచ్చిన మేస్త్రీకి ‘అదేనయ్యా, గ్రౌట్’ అని మళ్లీ మీరే విప్పి చెప్పాలి. ఇంగ్లీషులో ఈ మాటకు మూలార్థం ముతకపిండి, జావ లాంటిది. అయితే సందుల్లో నింపే గ్రౌట్‌ను జావలా జారిపోనివ్వకుండా ముద్దగా కలుపుతారు.

ఆ మూడు వాక్యాలనూ చెడగొట్టింది గ్రౌట్ కాదు, క్రియలు. నామవాచకాన్ని ఎక్కడినుంచైనా అరువు తెచ్చుకోవచ్చు, క్రియ మాత్రం మనది కావాలి.

మీరు రాసిన ‘పోయింది’ నుంచే మొదలుపెడదాం. పోవడం అంటే ఏం జరిగింది? వేలితో రుద్దితే పొడిపొడిగా వస్తుంటే ‘రాలుతోంది’ అనాలి. నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలంటారు. అది బాగా తగ్గినా, నీటిలో కాల్షియం చాలకపోయినా గ్రౌట్ సిమెంటులోని సున్నాన్ని నీరు లాగేస్తుంది. అప్పుడు నీటి సంగతి చూడకుండా కొత్త గ్రౌట్ పెడితే అదీ రాలుతుంది. ముక్కలు ముక్కలుగా వస్తే ‘పెచ్చులూడుతోంది’. అంటే పట్టు తప్పింది. టైలూ గ్రౌటూ కలిసి ఒకే గీతలో చీలితే మాత్రం అది ‘బీటవారడం’. లోపలి గోడే కదిలి ఉండొచ్చు, పైన ఎంత గ్రౌట్ పెట్టినా ఆగదు. పనికి వచ్చేవాడికి ఫోనులో ‘పోయింది’ అనకుండా ఈ మూడింట్లో ఒకటి చెప్పి చూడండి, సగం పని అయినట్టే.

‘తొలగించండి’ తప్పు కాదు. కానీ అది కార్యాలయం మాట. ఉద్యోగిని తొలగిస్తారు, జాబితాలో పేరు తొలగిస్తారు. సందులో గట్టిపడి కూర్చున్నదాన్ని గీకాలి, గీకినా రాకపోతే చెక్కాలి. ‘వర్తింపజేయండి’ ఇంకా దూరం. నియమాలు వర్తిస్తాయి, ముద్ద వర్తించదు. ‘పూయండి’ అన్నా చాలదు, పూత పైపైనే ఉంటుంది. గ్రౌట్ సందు అడుగుదాకా వెళ్లాలి కాబట్టి ‘కూరండి’, ‘దట్టించండి’ అనాలి. రబ్బరు పలకను సందుకు అడ్డంగా, ఏటవాలుగా ఒత్తి లాగడం ఎప్పుడైనా చూస్తే ‘కూరడం’ అన్న మాట దానంతట అదే నోటికి వస్తుంది.

ఇక ‘నయం’. ఇంగ్లీషులో అక్కడ ‘క్యూర్’ అని ఉండి ఉంటుంది. ఆ మాటకు లాటిన్ మూలంలో అర్థం శ్రద్ధ, సంరక్షణ. రోగిని చూసుకోవడం ఒక దారి, సిమెంటును చూసుకోవడం ఇంకో దారి. అనువదించినవారు (లేక అనువదించిన యంత్రం) మొదటి దారి పట్టారు. దీన్ని దిద్దబోయి చాలామంది ‘ఆరనివ్వండి’ అని రాస్తారు, అదీ పొరపాటే. సిమెంటు ఆరి గట్టిపడదు. నీటితో కలిసి జరిగే చర్య వల్ల గట్టిపడుతుంది. తడి చప్పున ఆరిపోతే పొడిబారి బలహీనమవుతుంది. మేస్త్రీలు గోడకు నీళ్లు కొట్టేది అందుకే. సిమెంటుకు బదులు రెండు భాగాల జిగురుతో చేసే ఎపాక్సీ గ్రౌట్‌కు నీళ్లతో పనిలేదు, రెండు భాగాలూ కలిసి వాటంతట అవే బిగుస్తాయి. ‘గట్టిపడనివ్వండి’ అంటే రెంటికీ సరిపోతుంది. ‘అనుమతించండి’ అక్కర్లేదు. ఆ చివరి ‘-నివ్వండి’లోనే అనుమతి ఉంది.

పెంకు ఇంటికప్పు మీదది, కొబ్బరికాయది. గోడకు అతికించేవి టైళ్లు. రైలు–రైళ్లు, స్కూలు–స్కూళ్లు ఎలాగో ఇదీ అలాగే. ‘టైల్స్’ బాగా వాడుకలో ఉంది, దానికీ అభ్యంతరం లేదు. ‘ఒక టైల్స్ ఊడింది’, ‘టైల్స్‌లు’ మాత్రం వద్దు. చిన్న చిన్న చదరాలైతే బిళ్లలు అనండి, ముచ్చటగా ఉంటుంది.

పాకెట్ మీది వాక్యాలను నేనైతే ఇలా రాస్తాను: ‘టైళ్ల సందుల్లోని పాత గ్రౌట్‌ను లోతుగా గీకి, దుమ్ము దులపండి. కొత్త గ్రౌట్‌ను ఖాళీ లేకుండా కూరి, టైళ్లకు అంటినదాన్ని తడి స్పాంజితో తుడవండి. పూర్తిగా గట్టిపడ్డాకే కొలనులో నీళ్లు నింపండి.’ ఎన్ని రోజులు ఆగాలో పాకెట్ మీద అంకెల్లో ఉంటుంది. అంకెలను ఎవరూ అనువదించరు కాబట్టి వాటిని నమ్మొచ్చు.