జెర్రీ ఉండగా డల్లాస్‌కి వేరే మీడియా దేనికి?

ప్రశ్న: అమెరికన్ ఫుట్‌బాల్‌లో ట్రేడ్ డెడ్‌లైన్ (సీజన్ మధ్యలో టీమ్‌లు ఆటగాళ్లని ఇచ్చిపుచ్చుకోవడానికి ఆఖరి గడువు) రోజు జరిగే డీల్స్‌ని వెనకుండి నడిపించేది మీడియానే అంటారు, నిజమేనా? అభిమానులు దాని గురించి అంతలా ఎందుకు కొట్టుకుంటారు?

నేనుండేది ఫ్రిస్కోలో. డల్లాస్ కౌబాయ్స్ హెడ్డాఫీసు, వాళ్లు ప్రాక్టీసు చేసే 'ది స్టార్' మా ఊళ్లోనే ఉన్నాయి. కాబట్టి జవాబు చెప్పే అర్హత నాకుందని నేనే తీర్మానించుకున్నాను. మిగతా టీమ్‌ల సంగతి ఆ అభిమానులు చెప్పుకుంటారు.

మీడియా డీల్ చేయించదు. డీల్ కుదిరే ముందు రేటు పెంచడానికో, దించడానికో టీమ్‌లూ ఏజెంట్లూ మీడియాని వాడుకుంటారు, అంతే. "ఫలానా ఆటగాడి కోసం మూడు టీమ్‌లు ఫోన్ చేశాయి" అని వార్త వచ్చిందంటే, నాలుగో టీమ్ కోసం ఎదురుచూస్తున్నవాడే దాన్ని వదిలాడని అర్థం. అయితే డల్లాస్ లెక్క వేరు. ఇక్కడ ఓనర్ జెర్రీ జోన్సే ఆటగాళ్లని తెచ్చేదీ పంపేదీ చూసే జనరల్ మేనేజర్, ఆయనే మీడియా కూడా. అక్కడికి తర్వాత వస్తాను.

2025 నవంబర్ 4, మంగళవారం. మా టైమ్ ప్రకారం మధ్యాహ్నం మూడింటికి డెడ్‌లైన్. ముందురోజు రాత్రే ఆర్లింగ్టన్‌లో, సొంత గడ్డ మీద, అరిజోనా చేతిలో 27-17 స్కోరుతో ఓడాం. అప్పటికి మూడు గెలుపులు, ఐదు ఓటములు, ఒక టై. ఆ టై కూడా ఎవరితో? మా డిఫెన్స్ స్టార్ మైకా పార్సన్స్‌ని ఏ టీమ్‌కి ఇచ్చేశామో ఆ గ్రీన్ బేతోనే, 40-40. కడుపు ఎంత మండి ఉంటుందో ఊహించుకోండి.

ఆ రోజు నాకు వర్క్ ఫ్రమ్ హోమ్. ల్యాప్‌టాప్‌లో స్టేటస్ కాల్ నడుస్తోంది. కెమెరా ఆపేసి, కీబోర్డు పక్కన ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. మా తెలుగు కౌబాయ్స్ వాట్సాప్ గ్రూపు పొద్దుటి నుంచీ మోగుతూనే ఉంది. జెర్రీ జోన్స్ డెడ్‌లైన్‌కి ముందే, ఒక ట్రేడ్ అయిపోయిందని మీడియాతో చెప్పేసి, ఎవరన్నది మాత్రం చెప్పకుండా వదిలేశాడు. ఇక ఎవరి ఊహలు వాళ్లవి.

ఇంతలో మేమంతా గుంటూరు బాబాయ్ అని పిలుచుకునే ఆయన ఒక స్క్రీన్‌షాట్ పెట్టాడు. రైడర్స్ ఆటగాడు మ్యాక్స్ క్రాస్బీ డల్లాస్‌కి వచ్చేస్తున్నాడట! ఈఎస్‌పీఎన్ రిపోర్టర్ ఆడమ్ షెఫ్టర్ ఫొటో ఉంది, నీలి టిక్కు ఉంది, కింద వేల లైకులు. గ్రూపులో పండగే. ఒకాయన శనివారం అందరికీ తన ఇంట్లో బిర్యానీ అన్నాడు. ఇంకొకాయన జెర్సీ ఆర్డర్ పెట్టడానికి సైటు తెరిచాడు. అప్పుడు గ్రూపులో అందరికంటే చిన్నవాడు, ఎంఎస్ చదివే కుర్రాడు, మెల్లగా మెసేజ్ పెట్టాడు: "అంకుల్, అకౌంట్ పేరు ఒకసారి చూడండి. షెఫ్టర్ పేరులో ఒక అక్షరం ఎక్కువుంది."

"టిక్కు ఉందిగా బాబూ!"

"నెలకి ఎనిమిది డాలర్లు కడితే మీకూ ఇస్తారు అంకుల్ టిక్కు."

బిర్యానీ క్యాన్సిల్. అసలు తమాషా ఆ తర్వాత మొదలైంది. జెట్స్ వాళ్లు సాస్ గార్డ్‌నర్‌ని కోల్ట్స్‌కి ఇచ్చేశారన్న వార్త వస్తే ఎవరూ నమ్మలేదు. జులైలోనే నాలుగేళ్లకి 120.4 మిలియన్ డాలర్ల కాంట్రాక్టు ఇచ్చినవాణ్ని నవంబర్‌లో పంపిస్తారా, ఇదీ ఫేకే అన్నారు. అది నిజం. కాసేపటికి అదే జెట్స్ నుంచి క్విన్నెన్ విలియమ్స్ డల్లాస్‌కి అని వచ్చింది. బాబాయ్ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "ఫేక్, డిలీట్ చెయ్యండి" అన్నాడు. అదీ నిజమే! మా టీమ్‌లో ఎన్నో ఏళ్లలో జరిగిన అతి పెద్ద డెడ్‌లైన్ డీల్‌ని మా గ్రూపు చాలాసేపు పుకారు అనుకుని తిట్టింది. మీడియా ప్రభావం అంటే నా దృష్టిలో ఇదీ. డీల్ మీద కాదు ప్రభావం, మా బుర్రల మీద.

వార్త ఖాయమయ్యాక యుద్ధం మొదలైంది. 2026 సెకండ్ రౌండ్ పిక్ (పిక్ అంటే ఏటా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఒక వంతు), 2027 ఫస్ట్ రౌండ్ పిక్, పైగా మేం 2023లో మొదటి రౌండ్‌లో తీసుకున్న మేజీ స్మిత్. ఇంత ఇచ్చి తెచ్చింది ఒక డిఫెన్సివ్ టాకిల్‌నా, లైన్ మధ్యలో అడ్డం నిలబడేవాణ్నా అని సగం మంది. అవతలివాళ్లు బంతి పట్టుకుని పరిగెడుతుంటే ఆపలేక పరువు పోతోంది కదా, ఇంకెవర్ని తేవాలి అని మిగతా సగం. 2027లో మా చేతిలో రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లున్నాయి, ఒకటి మాది, రెండోది పార్సన్స్‌కి బదులు గ్రీన్ బే ఇచ్చింది. ఆ రెండింటిలో ఏది మెరుగైతే అది జెట్స్‌కి వెళ్తుంది. ఈ ఒక్క షరతు మీదే రెండు గంటలు వాదించుకున్నారు.

అది అక్కడితో ఆగలేదు. మంగళవారం కదా, సాయంత్రం మా ఆవిడతో కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్లాను. ప్రసాదం లైన్లో నా ముందు ఇద్దరు. ఒకాయన చేతిలో పులిహోర కప్పు, ఇంకో చేతిలో ఫోన్. "కెన్నీ క్లార్క్, ఒడిగిజువా పక్కన ఈయన నిలబడితే ఇక మధ్యలోంచి ఎవడు పరిగెడతాడు చెప్పండి" అంటున్నాడు. ఆ ఇద్దరూ అప్పటికే మా టాకిల్స్. రెండో ఆయన "పార్సన్స్‌ని ఉంచుకుంటే ఇవేవీ అక్కర్లేదుగా అన్నా" అన్నాడు. నేను కూడా నోరు పెట్టబోతే మా ఆవిడ చెయ్యి పట్టి లాగింది.

ఆ రెండో ఆయన మాటే నా మాట కూడా. ఆగస్టు 1న పార్సన్స్ నన్ను ట్రేడ్ చేసెయ్యండని ఎక్స్‌లో బహిరంగంగా రాశాడు. అంతకుముందూ ఆ తర్వాతా జెర్రీ ప్రతి మైకు ముందూ కాంట్రాక్టు గురించి మాట్లాడాడు. నాలుగ్గోడల మధ్య తేలాల్సిన బేరం వీధికెక్కింది. చివరికి ఆగస్టు 28న రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, కెన్నీ క్లార్క్ తీసుకుని పంపించేశారు. గ్రీన్ బే నాలుగేళ్లకి 188 మిలియన్లు ఇచ్చింది. నవంబర్‌లో చేసిన డీల్ ఆగస్టు తలనొప్పికి వేసుకున్న మాత్రే. నన్నడిగితే, జెర్రీకి ఆ వారం గెలుపు కంటే హెడ్‌లైన్ ఎక్కువ అవసరం. దీనికి సాక్ష్యం అడక్కండి, ఇన్నేళ్లుగా చూస్తున్నవాణ్ని.

రిపోర్టర్లు మాత్రం తక్కువ తిన్నారా? షెఫ్టర్ 2011లో, ఓనర్లకీ ఆటగాళ్లకీ ఒప్పందం కుదరక లాకౌట్ నడుస్తున్న సమయంలో, తన వార్త చిత్తుప్రతిని అచ్చుకి ముందే వాషింగ్టన్ టీమ్ జనరల్ మేనేజర్‌కి పంపి, ఆయన్ని ఎడిటర్ గారూ అన్నట్టు సంబోధించిన ఈమెయిల్ 2021లో బయటపడింది. ఇక ఈ టీమ్‌లన్నీ ఆడే లీగ్ ఎన్ఎఫ్ఎల్ తన సొంత టీవీ నెట్‌వర్క్‌ని ఈఎస్‌పీఎన్‌కి ఇచ్చి, అందుకు 10 శాతం వాటా తీసుకుంటోందని 2025 ఆగస్టులో ప్రకటించారు. లీగ్ గురించి వార్తలు చెప్పే చానెల్లో లీగ్‌కే వాటా! ఇది తెలిసినవాళ్లు కూడా ఫోన్ మోగగానే ముందు ఆ యాప్‌నే తెరుస్తారు, నాతో సహా.

నాకు అన్నిటికంటే ఒళ్లు మండేది ట్రేడ్ గ్రేడ్లు. డీల్ అయిన గంటలో ఈ టీమ్‌కి ఏ మైనస్, ఆ టీమ్‌కి సీ ప్లస్ అని వేసేస్తారు. పరీక్ష రాయకముందే ర్యాంకుల ఫ్లెక్సీ కట్టినట్టు. 1989 అక్టోబర్‌లో కౌబాయ్స్ తమ స్టార్ హెర్షెల్ వాకర్‌ని మిన్నెసోటాకి ఇచ్చి బోలెడు పిక్‌లు తీసుకున్నప్పుడు డల్లాస్ మునిగిందనే చాలామంది రాశారు. ఆ ఏడాది ఒక్క మ్యాచే గెలిచాం కూడా. కానీ ఆ పిక్‌లతోనే కదా ఎమిట్ స్మిత్, డారెన్ వుడ్సన్ వచ్చింది, 1992, 1993, 1995 సీజన్లలో లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచింది. 2018లో బంతి పట్టే రిసీవర్ అమారీ కూపర్ కోసం ఫస్ట్ రౌండ్ పిక్ ఇస్తే టీవీలో అందరూ నవ్వారు. మూడు గెలుపులు, నాలుగు ఓటములతో ఉన్న టీమ్ 10-6తో డివిజన్ గెలిచింది. 2024లో ఇంకో రిసీవర్ జోనాథన్ మింగో కోసం ఫోర్త్ రౌండ్ పిక్ ఇచ్చారు. ఆ సీజన్లో మాకు అతను పట్టిన బంతులు ఒక చేతి వేళ్లతో లెక్కపెట్టొచ్చు. ఈ మూడింట్లో ఏది ఎలా తేలుతుందో డెడ్‌లైన్ రోజు చెప్పగలిగినవాడు ఎవడున్నాడు?

ఇక మన క్రికెట్ మిత్రులకో మాట. "ఏంటి బావా, మనుషుల్ని అలా మార్చుకుంటారా, ఐపీఎల్ వేలం నయం" అని నాకు పాఠం చెప్పినవాళ్లే, అదే నెలలో సంజూ శాంసన్ చెన్నైకి, జడేజా రాజస్థాన్‌కి మారితే తెల్లవార్లూ మెసేజ్‌లు కొట్టుకున్నారు. ఆ రచ్చకి నేనేమీ అనలేదు, గుర్తుపెట్టుకోండి.

కొట్టుకోవడం ఎందుకంటారా? మాకైతే కారణం ఒక్కటే. వేరే ఊళ్లో డీల్ చెడితే జనరల్ మేనేజర్‌ని పీకేస్తారు, అభిమానులకి కాస్త కోపం చల్లారుతుంది. మా జనరల్ మేనేజర్‌ని తీసేసే అధికారం ఉన్నది ఆయనకే. ఎనభై ఏళ్లు దాటాయి, టీమ్ కొన్నది 1989లో, 1995 సీజన్ తర్వాత సూపర్ బౌల్‌కి ముందు మ్యాచ్ అయిన కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా కూడా టీమ్ పోలేదు. ఆయన్ని ఏమీ అనలేక మేం ఒకళ్లనొకళ్లం అనుకుంటాం.

క్విన్నెన్ వచ్చాక రైడర్స్, ఈగల్స్, చీఫ్స్‌ని వరసగా కొట్టాం. ప్లేఆఫ్స్‌కి పోలేదన్నది నిజమే, అది నాకు గుర్తు చెయ్యనక్కర్లేదు. ఈగల్స్ సొంత ఊరు ఫిలడెల్ఫియా నుంచి కొంతమంది కింద కామెంట్లకి తయారుగా ఉన్నారని తెలుసు. రండి, కానీ ముందు నవంబర్ 23న 21-0 ఆధిక్యంలో ఉండి 24-21తో ఎలా ఓడారో చెప్పి, అప్పుడు మొదలుపెట్టండి.