టైమ్‌లైన్ ఎక్కడికి పోయింది?

ప్రశ్న: డిగ్రీ చదువుతూ ఇంట్లోనే బ్లెండర్ అనే త్రీడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నాను. వీడియో పాఠంలో కనిపించే తెరకూ నా తెరకూ పొంతన కుదరడం లేదు. నిన్న ఏదో లాగబోతే కింద ఉండే టైమ్‌లైన్ (ఫ్రేములను వరుసగా చూపే గడి) కనబడకుండా పోయింది. తెర మీది ఇన్ని గడులను ఏ వరుసలో నేర్చుకోవాలో తెలుపగలరు.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ టైమ్‌లైన్ చెరిగిపోలేదు, దాని చోటును పక్క గడి ఆక్రమించింది, అంతే. బ్లెండర్ తెరలోని ఏ గడిలోనైనా త్రీడీ వ్యూపోర్ట్ (బొమ్మ కనిపించే గడి), టైమ్‌లైన్, గ్రాఫ్ ఎడిటర్ (కదలికను వంపు గీతలుగా చూపేది) వంటి వాటిలో దేన్నైనా పెట్టుకోవచ్చు. ఏది కనబడాలో ఆ గడి పట్టీకి ఎడమ చివరనున్న గుర్తును నొక్కి ఎంచుకోవాలి. రెండు గడుల మధ్య గీత మీద మౌస్ కుడి బటన్ నొక్కితే గడిని చీల్చే, కలిపే ఆదేశాలు వస్తాయి కనుక, వ్యూపోర్ట్‌ను అడ్డంగా చీల్చి కింది భాగంలో టైమ్‌లైన్ ఎంచుకోండి. అమరిక మరీ చిందరవందరైతే పైనున్న వర్క్‌స్పేస్ ట్యాబుల చివర ప్లస్ గుర్తు నొక్కి, జనరల్ జాబితా నుంచి కొత్త లేఅవుట్ తెచ్చుకోవచ్చు. మీ బొమ్మకు ఏమీ కాదు.

కొత్తవారిని ఎక్కువగా తికమక పెట్టేది గడుల సంఖ్య కాదని నా అభిప్రాయం. నొక్కిన మీట మౌస్ బాణం ఏ గడి మీద ఉంటే ఆ గడికే చేరుతుందన్న నియమాన్ని చాలా పాఠాలు చెప్పీ చెప్పనట్టు దాటేస్తాయి. బాణం టైమ్‌లైన్ మీద ఉండగా ఎక్స్ నొక్కితే ఎంచుకున్న కీఫ్రేములు (ఏ ఫ్రేములో వస్తువు ఎక్కడుండాలో చెప్పే గుర్తులు) పోతాయి; అదే మీటను వ్యూపోర్ట్ మీద నొక్కితే వస్తువే పోతుంది. కంట్రోల్, స్పేస్ కలిపి నొక్కితే బాణం కింది గడి తెరంతా పరుచుకుంటుంది, మళ్ళీ నొక్కితే యథాస్థానానికి వస్తుంది. పొరపాటున ఇది నొక్కి, తక్కినవన్నీ పోయాయని కంగారుపడేవారూ ఉన్నారు.

వీడియోతో పొంతన కుదరకపోవడానికి పాఠం పాతది కావడం ఒక కారణం కావచ్చు. 2019 జూలైలో వచ్చిన 2.80 వెర్షన్‌తో తెర రూపమే మారింది. అంతవరకు కుడి బటన్‌తో జరిగే ఎంపిక ఎడమ బటన్‌కు వచ్చింది. పాఠం ఏ వెర్షన్‌దో ముందు చూడండి. ఇంకొకరి ఫైలు తెరిచేటప్పుడు లోడ్ యూఐ అన్న టిక్కు తీసేస్తే వారి అమరిక మీ తెర మీదికి రాదు.

ఇక వరుస సంగతి. బొమ్మను మలిచే స్కల్ప్టింగ్, రంగులు దిద్దే షేడింగ్ ట్యాబుల జోలికి ఇప్పుడే పోవద్దు. లేఅవుట్‌లోనే ఉండి, ఒక గోళాన్ని 1వ ఫ్రేమ్‌లో ఒకచోట, 24వ ఫ్రేమ్‌లో మరోచోట ఉంచి, రెండుచోట్లా వ్యూపోర్ట్ మీద ఐ మీటతో కీఫ్రేమ్ వేయండి. సెకనుకు 24 ఫ్రేములు ముందే పెట్టి ఉంటాయి కనుక సుమారు ఒక సెకను కదలిక వస్తుంది. ఆ తరువాత యానిమేషన్ ట్యాబు తెరిస్తే, కీఫ్రేములను చూపే డోప్ షీట్ అనే గడిలో కనబడే వజ్రాకారపు చుక్కలు మీరు వేసినవేనని పోల్చుకోగలుగుతారు. ఆ చుక్కలను జరిపి వేగం మార్చడం అలవాటయ్యాకే గ్రాఫ్ ఎడిటర్ తెరవండి.