టెక్ సందేహాలు: పెరిగింది మెదడు తరంగమా, దవడ బిగింపా?

ప్రశ్న: ధ్యానానికని అమ్మే ఈఈజీ (మెదడు విద్యుత్ సంకేతాలను నమోదు చేసే) హెడ్‌బ్యాండ్‌ను ఆందోళనతో వచ్చేవారికి న్యూరోఫీడ్‌బ్యాక్ (మెదడు అలలను తెర మీద చూపిస్తూ వాటిని మార్చుకోవడం నేర్పే శిక్షణ) ఇవ్వడానికి వాడుతున్నాను. యాప్ చూపే ఏకాగ్రత స్కోరు సెషన్ సెషన్‌కూ పెరుగుతోంది. దీన్ని పురోగతిగా కేసు షీటులో రాయవచ్చా? (ఒక క్లినికల్ సైకాలజిస్టు)

జవాబు: రాసేముందు ఆ స్కోరు దేని నుంచి పుట్టిందో చూడాలి. తల మీది ఎలక్ట్రోడ్‌కు అందే మెదడు సంకేతం సాధారణంగా 10 నుంచి 100 మైక్రోవోల్టుల లోపే ఉంటుంది. రెప్ప ఒక్కసారి వాల్చితే నుదుటి ఎలక్ట్రోడ్‌లో అంతకు మించిన అల లేస్తుంది. పళ్లు బిగిస్తే కణతల దగ్గరి కండరాల విద్యుత్తు దాదాపు 20 హెర్ట్జ్ మొదలుకొని ఎంతో పైదాకా పరుచుకొని, బీటా అని మనం పిలిచే 13-30 హెర్ట్జ్ పరిధిలోకి కూడా చొరబడుతుంది. బీటా పెరిగితే ఏకాగ్రత పెరిగినట్టేనని లెక్కగట్టే యాప్‌కు మెదడుకూ దవడకూ తేడా తెలియదు. అటువంటి బ్యాండ్ ఒకటి పెట్టుకొని, దేని మీదా మనసు పెట్టకుండా, దవడ మాత్రం బిగించి కూర్చుని చూశాను. స్కోరు గీత నిలకడగా పైకి పాకింది, దవడ వదలగానే దిగిపోయింది.

నన్ను కలవరపరిచేది స్కోరు తప్పడం ఒక్కటే కాదు. ఫీడ్‌బ్యాక్ అంటేనే బహుమతి ద్వారా నేర్పడం. తెర మీద గీత పైకి వెళ్లినప్పుడల్లా మధురమైన శబ్దం వినిపిస్తుంటే, ఎదుట కూర్చున్న వ్యక్తి తనకు తెలియకుండానే దవడ బిగించడం నేర్చుకుంటారు. అసలే ఆందోళనతో పళ్లు నూరుకునే మనిషికి మనమే ఆ అలవాటును గట్టిపరిచినవాళ్లమవుతాం.

కనుక ముడి ఈఈజీ గీతను చూపని యాప్‌ను చికిత్సకు వాడవద్దని నా సలహా. గీత కనిపిస్తే ప్రతి సెషన్ ముందూ ఒక నిమిషం కేటాయించి రెప్పలు ఆర్పమనండి, పళ్లు బిగించమనండి, తరువాత కళ్లు మూసుకోమనండి. మొదటిదానికి నుదుటి గీతలో పెద్ద మూపులు, రెండోదానికి గీతంతా దట్టమైన నూగు కనిపించాలి. కళ్లు మూసినప్పుడు చాలామందిలో తల వెనుక భాగాన 8-12 హెర్ట్జ్ ఆల్ఫా లయ స్పష్టంగా పెరుగుతుంది. 1929లో హాన్స్ బెర్గర్ మానవ ఈఈజీని తొలిసారి ప్రచురించినప్పుడు వర్ణించిన లయ ఇదే. గీతనిండా 50 లేదా 60 హెర్ట్జ్ కరెంటు మోత కనిపిస్తే ఎలక్ట్రోడ్ సరిగా ఆనలేదేమో చూడండి. ఆ ఒక్క పౌనఃపున్యాన్నే కోసేసే నాచ్ ఫిల్టర్ ఆ మోతను దాస్తుందే తప్ప వదులుగా ఉన్న ఎలక్ట్రోడ్‌ను బిగించదు.

ఎలక్ట్రోడ్ ఎక్కడుందన్నదీ ముఖ్యమే. మ్యూజ్ 2 వంటి బ్యాండ్‌లో అవి నుదుటి మీదా చెవుల వెనుకా ఉంటాయి. పరిశోధకుడు బారీ స్టెర్మన్ పిల్లులపై చేసిన ప్రయోగాలతో పేరుపొందిన 12-15 హెర్ట్జ్ సెన్సరీమోటార్ లయ (స్పర్శ, కదలికలను చూసే మెదడు భాగంలోని లయ) శిక్షణకు నడినెత్తిన, దానికి అటూ ఇటూ ఎలక్ట్రోడ్ ఉండాలి. ఆ చోట ఎలక్ట్రోడే లేని బ్యాండ్‌తో ఆ శిక్షణ ఇస్తున్నామని చెప్పడం సరికాదు.

ప్రశ్న: ఎనిమిదేళ్ల బాబుకు క్యూఈఈజీ (ఈఈజీని అంకెలుగా విశ్లేషించే) సాఫ్ట్‌వేర్ తీటా-బీటా నిష్పత్తి (నెమ్మదైన తీటా అలలకూ వేగమైన బీటా అలలకూ ఉన్న నిష్పత్తి) ఎక్కువని, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం) కావచ్చని నివేదిక ఇచ్చింది. మందుల బదులు న్యూరోఫీడ్‌బ్యాక్ చాలునా అని తల్లిదండ్రులు అడుగుతున్నారు.

జవాబు: ఆ నిష్పత్తి ఆధారంగా పనిచేసే నెబా పరికరానికి 2013లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది గాని, వైద్యుని పూర్తి పరీక్షకు తోడుగా మాత్రమే ఇచ్చింది. బాబుకు నిద్ర మత్తుగా ఉన్నా తీటా పెరుగుతుంది, రెప్పపాట్లను సరిగా తొలగించకపోయినా పెరుగుతుంది. అందుచేత నివేదిక చివరి పేజీ కంటే ముందు, సాఫ్ట్‌వేర్ ఏ సెకన్లను ఉంచి ఏవి కొట్టేసిందో చూడండి.

చికిత్స విషయంలో 2021లో వెలువడిన డబుల్ బ్లైండ్ (ఎవరికి ఏది ఇస్తున్నారో పిల్లలకూ పరిశోధకులకూ తెలియని) అధ్యయనాన్ని తల్లిదండ్రులకు వివరించడం మన బాధ్యత అనుకుంటాను. అందులో 7-10 ఏళ్ల పిల్లలు 144 మంది. ఒక వర్గానికి వారి సొంత తీటా-బీటాను బట్టి ఫీడ్‌బ్యాక్ ఇచ్చారు. రెండో వర్గానికి, పైకి అచ్చం అలాగే కనిపించినా, ముందే రికార్డు చేసిన వేరొకరి ఈఈజీ నుంచి ఇచ్చారు. రెండు వర్గాల పిల్లలూ మెరుగుపడ్డారు, కానీ వారి మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఆ మెరుగుదల వట్టిదని నేను అనను. క్రమం తప్పకుండా వచ్చి, కుదురుగా కూర్చుని, ఒక పెద్దవారి ప్రోత్సాహం పొందడం పిల్లవాడికి చిన్న విషయం కాదు. అయితే దాన్ని తీటా తగ్గించినందువల్ల వచ్చిన ఫలితమని చెప్పి, రుజువైన చికిత్సను మాన్పించకూడదు.

ప్రశ్న: హెచ్‌ఆర్‌వీ (గుండె స్పందనల మధ్య వ్యవధిలో వచ్చే హెచ్చుతగ్గులు) బయోఫీడ్‌బ్యాక్‌కు స్మార్ట్‌వాచ్ సరిపోతుందా, ఛాతీ పట్టీ కావాలా?

జవాబు: ఛాతీ పట్టీయే తీసుకోండి. ఈ పద్ధతిలో నిమిషానికి సుమారు 6 శ్వాసల దగ్గర, మనిషిని బట్టి కొంచెం అటూ ఇటూగా, గుండె లయలో ఊగు అత్యధికమయ్యే వేగాన్ని పట్టుకోవాలి. ఆ ఊగు కనిపించాలంటే ప్రతి రెండు స్పందనల మధ్య వ్యవధీ విడివిడిగా అందాలి. చాలా వాచీలు సగటు లెక్కగట్టిన అంకెనే ఇస్తాయి. ఛాతీ పట్టీలు వాడే బ్లూటూత్ హార్ట్ రేట్ ప్రమాణంలో ఈ వ్యవధిని సెకనులో 1024వ వంతు మేరకు పంపే ఏర్పాటు ఉంది.

పట్టీ పెట్టినా గీతను చూడక తప్పదు. 810, 790, 805 మిల్లీసెకన్లుగా సాగుతున్న వరుసలో ఒక స్పందన తప్పిపోతే అక్కడ 1600 నమోదవుతుంది. ఆ ఒక్క అంకె ఆర్‌ఎమ్‌ఎస్‌ఎస్‌డీని (వరుస వ్యవధుల మధ్య తేడాలను బట్టి లెక్కగట్టే హెచ్‌ఆర్‌వీ కొలతను) ఎగదోసి, ప్రశాంతత ఒక్కసారిగా పెరిగినట్టు భ్రమ కల్పిస్తుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ క్రమం తప్పే జబ్బు) ఉన్నవారిలో ఈ కొలతకు అర్థమే ఉండదు కాబట్టి గుండె లయ గురించి ముందే అడగండి.

ప్రశ్న: రికార్డింగులను సహచరునికి ఏ ఫార్మాట్‌లో పంపాలి?

జవాబు: ఈఈజీ వంటి రికార్డింగుల కోసం ఉన్న ఉమ్మడి ఫార్మాట్ ఈడీఎఫ్ లేదా ఈడీఎఫ్ ప్లస్‌లో పంపండి. ఉచితంగా దొరికే ఈడీఎఫ్‌బ్రౌజర్‌లో ఏ కంపెనీ సాఫ్ట్‌వేరూ అవసరం లేకుండా తెరుచుకుంటాయి. ఒక్క జాగ్రత్త తీసుకోండి. ఫైలు పేరు మార్చినంత మాత్రాన రోగి వివరాలు పోవు. ఫైలు హెడర్‌లో మొదట్లోనే 80 అక్షరాల గడి ఒకటి రోగి గుర్తింపు కోసం ఉంటుంది. పంపేముందు దాన్ని తెరిచి, పేరు తీసేసి, మళ్లీ ఒకసారి తెరిచి చూసుకోండి.