చర్చలు చూస్తే బీపీ, మానేస్తే వెలితి

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. తెనాలి దగ్గర పల్లె మాది. 2023లో గుండెపోటు వచ్చి ఒక స్టెంటు వేశారు. బీపీ, షుగరు అంతకుముందు నుంచే ఉన్నాయి. మా నాన్నగారి కాలం నుంచి మా ఇల్లంతా ఒకే పార్టీ. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా టీవీలో చర్చలు చూడటం, ఆ తర్వాత బంధువుల వాట్సాప్ గ్రూపులో వాదించడం అలవాటు. మా వియ్యంకుడిది అవతలి పార్టీ. ఆదివారం వచ్చారంటే మాటా మాటా పెరుగుతుంది. 2024 జూన్ 4న ఓట్ల లెక్కింపు చూస్తుంటే ఛాతీ పట్టేసినట్టయి ఆసుపత్రికి పరుగెత్తాం. ప్రమాదమేమీ లేదన్నారు గానీ రాజకీయాల జోలికి పోవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఎన్నిసార్లు మానేసినా మళ్లీ మొదలవుతోంది. టీవీ కట్టేస్తే ఏమీ తోచదు. ఊరి మంచిచెడ్డలు పట్టనివాణ్నయిపోయానని దిగులేస్తుంది. ఇంట్లోవాళ్లు నా మీద కాపలా కాస్తున్నట్టు ఉంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: డాక్టరుగారు చెప్పింది సరైన మాటే. కాకపోతే అది సగం మాట. మానెయ్యమన్నారు గానీ, ఆ రెండున్నర గంటలు ఏం చేయాలో, వియ్యంకుడుగారు కదిలిస్తే ఏమనాలో ఎవరూ చెప్పలేదు. టీవీ అదే చోట ఉంది, మీ కుర్చీ దాని ఎదురుగానే ఉంది, ఫోను చేతిలో ఉంది. ఇన్ని అలాగే ఉంచి మనసును మాత్రం బిగబట్టుకుంటే నాలుగు రోజులకు మించి నిలవదు. మీకు పట్టుదల లేదనుకోకండి.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. కోపం వచ్చినప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు రక్తంలోకి వస్తాయి. గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ ఎక్కుతుంది. కాలేయం చక్కెరను రక్తంలోకి వదులుతుంది కాబట్టి మీలాంటివారికి షుగరూ పెరుగుతుంది. పొలంలో పాము కనిపిస్తే ఇదంతా పనికొస్తుంది, ఎగిరి దూకుతాం, పరుగెత్తుతాం. చర్చ చూసేటప్పుడు ఒళ్లు అలాగే సిద్ధమవుతుంది గానీ మనిషి కుర్చీలోనే ఉంటాడు. పైగా చర్చకు ముగింపు ఉండదు. ఎవరూ ఒప్పుకోరు, ఎవరూ ఓడరు, రేపు అదే విషయం మళ్లీ వస్తుంది.

తీవ్రమైన కోపం వచ్చాక సుమారు రెండు గంటల పాటు గుండెపోటు ముప్పు మామూలు కంటే ఎక్కువగా ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఎన్నికల సంగతి కూడా లెక్కగట్టారు. 2016 నవంబరులో అమెరికా అధ్యక్ష ఎన్నిక జరిగిన తర్వాతి రెండు రోజుల్లో, దక్షిణ కాలిఫోర్నియాలోని ఒక పెద్ద ఆరోగ్య సంస్థ సభ్యుల్లో గుండె, రక్తనాళాల జబ్బులతో ఆసుపత్రిలో చేరినవారు అంతకుముందు వారం అవే రెండు రోజుల కంటే సుమారు 1.6 రెట్లు ఉన్నారు. కాబట్టి జూన్ 4న మీకు జరిగింది వింతేమీ కాదు, మీరు పిరికివారనీ కాదు.

దీనికంటే ఎక్కువ నష్టం చడీచప్పుడు లేకుండా జరుగుతుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. చర్చ అయ్యేదాకా భోజనం వాయిదా. ఈలోగా గిన్నెడు మిక్చరు. ఉప్పు రోజంతటికీ కలిపి 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు దాటకూడదు. అందులో కొంత ఆ గిన్నెతోనే అయిపోతుంది. ఎనిమిదింటి మాత్ర పదింటికి వేసుకోవడమో, వేసుకున్నామో లేదో గుర్తులేకపోవడమో జరుగుతుంది. స్టెంటు వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రల విషయంలో ఈ మరుపు ప్రమాదకరం. ఆపైన పదకొండు దాకా ఫోను, ఒంటిగంటకు గానీ నిద్ర పట్టకపోవడం, తెల్లవారి నడకకు బద్ధకం. వాదన పదిహేను నిమిషాలే కావచ్చు, దాని వల్ల మరుసటి రోజు మధ్యాహ్నం దాకా చెడుతుంది.

నా మాట మీద నమ్మకం పెట్టుకోనక్కర్లేదు, మీ ఒంటినే అడగండి. పై చేతికి పట్టీ కట్టే బీపీ మిషను తీసుకోండి. మొదటి వారం ఏమీ మార్చకుండా, రోజూ పొద్దున మాత్రలకు ముందు, రాత్రి చర్చ అయ్యాక కొలవండి. కొలిచే ముందు అరగంట పాటు కాఫీ, టీ, సిగరెట్టు వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి రెండూ నోటుబుక్కులో రాయండి. రెండో వారం చర్చలు లేకుండా అవే వేళల్లో కొలవండి. రెండు వారాల రాత్రి అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే తేడా మీకే తెలుస్తుంది. ఇంట్లో కొలిచినప్పుడు సగటు 135/85 లేదా అంతకు మించి ఉంటే అది డాక్టరుకు చూపించాల్సిన సంగతి. అంకెలు బాగున్నాయని మాత్రలు తగ్గించకండి. వాదన మధ్యలో లేచి పదేపదే కొలుచుకోవద్దు, ఆ కంగారుకే బీపీ ఎక్కుతుంది.

ఇక సర్దుబాట్లు. మీ కుర్చీని టీవీ ఎదుట నుంచి వరండాలోకి మార్చండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ అలవాటు సగం చోటుతోనే ముడిపడి ఉంటుంది. చాలా సెట్‌టాప్ బాక్సుల్లో ఛానెళ్లకు తాళం వేసే వీలుంటుంది. ఆ పని మీరే అడిగి మీ అబ్బాయితో చేయించుకోండి, వాళ్లు మీకు తెలియకుండా చేస్తే గొడవవుతుంది. వాట్సాప్‌లో ఆ గ్రూపును ‘ఎల్లప్పుడూ’ అని మ్యూట్ చేసి, ఆర్కైవ్‌లో పడెయ్యండి. గ్రూపులోంచి బయటకు రావద్దు. వస్తే ఎందుకు వచ్చావని ఫోన్లు మొదలవుతాయి, అదో కొత్త వాదన. స్టేటస్‌లలో వాగ్బాణాలు వేసే బంధువులను విడివిడిగా మ్యూట్ చేయండి, వాళ్లకు తెలియదు. చాలామంది గ్రూపు సర్దుకుని యూట్యూబ్‌ను మరిచిపోతారు. ఇన్నాళ్లూ మీరు చూసినవాటిని బట్టి అది అవే చర్చలు తెచ్చి ముందు పెడుతుంది. చూసిన చరిత్రను చెరిపేసి, ఇకపై నమోదు కాకుండా ఆపెయ్యండి. ఒకదాని తర్వాత ఒకటి దానంతటదే వచ్చే ఆటోప్లేను కూడా తీసెయ్యండి.

ఖాళీ అయిన వేళను నింపకపోతే ఇవేవీ నిలబడవు. ఆరున్నరకు అరగంట నడక, పక్కన మనిషితో మాట్లాడుతూ నడవగలిగినంత వేగంతో. డాక్టరుగారు నడకకు వేరే హద్దు పెట్టి ఉంటే అదే పాటించండి. ఏడున్నరకు భోజనం, వెంటనే మాత్రలు. మాత్రల కోసం వారం రోజుల గళ్ల డబ్బా కొనుక్కుంటే వేసుకున్నామా లేదా అన్న సందేహం ఉండదు. ఎనిమిది నుంచి తొమ్మిది వరకు చేతికీ మనసుకూ కలిపి పని ఉండాలి: పొలం లెక్కలు, మనవడి చదువు, చదరంగం, హరికథో పద్యనాటకమో వినడం. మీరు టీవీలో నిజంగా వెతుక్కున్నది రాజకీయం ఒక్కటే కాదని నాకనిపిస్తోంది. జబ్బు చేశాక పదిమందిలో మీ మాట చెల్లే చోటు అదొక్కటే మిగిలినట్టుంది. అందుకే పదిమందితో కలిసే పని ఒకటైనా పెట్టుకోండి, గుడి కమిటీ గానీ, బడి కమిటీ గానీ, సాగునీటి సంఘం గానీ. అక్కడ పార్టీ గొడవలున్నాయంటే మాత్రం వేరేది చూసుకోండి. మొదటి వారంలో చిరాకు, ఫోను కోసం చెయ్యి వెతుక్కోవడం సహజం. అప్పుడు నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఐదు నిమిషాలు చాలు. ఊపిరి బిగబట్టవద్దు.

వియ్యంకుడుగారి విషయం జాగ్రత్తగా చేయాలి, మధ్యలో మీ ఆడపిల్ల ఉంది. ‘మీతో వాదించడం నాకిష్టం లేదు’ అంటే మర్యాద తక్కువైందని అనుకుంటారు. ‘మీ పార్టీ సంగతి వదిలెయ్యండి’ అంటే అదే వాదనకు మొదలు. ఆదివారం వచ్చాక చెప్పొద్దు. శుక్రవారమో శనివారమో మీరే ఫోను చేసి, తప్పును జబ్బు మీద వేసి చెప్పండి: ‘బావగారూ, జూన్‌లో జరిగింది మీకు తెలుసు కదా. రాజకీయాలు మాట్లాడొద్దని డాక్టరుగారు ఒట్టు వేయించుకున్నంత పని చేశారు. ఎవరితోనూ మాట్లాడటం లేదు. మీరు కూడా నాకు సాయం చేయాలి.’ సాయం అడిగితే ఎదురు తిరిగేవాళ్లు తక్కువ. అయినా అలవాటు కొద్దీ ఆయన ఒక మాట విసురుతారు. అప్పుడు జవాబు చెప్పకుండా, ‘అదటుంచండి బావగారూ, మిరప ఎలా ఉంది?’ అని పంట మీదకో పిల్లల మీదకో మళ్లించండి. రెండోసారి కూడా అంటే లేచి మంచినీళ్ల కోసం లోపలికి వెళ్లండి. పది నిమిషాలు పెరట్లో తిరిగి రండి. ‘ఒక్క మాట చెప్పి ఆపేస్తాను’ అనుకోవడమే అసలు ప్రమాదం. ఆ ఒక్క మాటకు ఆయన ఇంకొకటి అంటారు. మీరు గెలిచినా రాత్రి నిద్ర చెడేది మీకే.

ఊరి సంగతి పట్టనివారయిపోతారని దిగులు పడకండి. ఓటు ఎక్కడికీ పోలేదు. పోలింగు రోజున ఏడింటికే వెళ్లి, ఎండ ముదరకముందే వేసి రండి. వార్తలు కూడా పూర్తిగా మానమనను, మీలాంటివారికి ప్రభుత్వ కబుర్లు కొన్ని తెలిసి తీరాలి: పింఛను, ధాన్యం కొనుగోలు, ఎన్టీఆర్ వైద్యసేవలో మీ చికిత్సకు సంబంధించిన మార్పులు. అలాంటివి ఉంటే చెప్పే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించండి. అది కబురు మాత్రమే, వ్యాఖ్యానం ఉండకూడదు. మీ వంతుగా పొద్దున ఫలహారం అయ్యాక పేపరు పదిహేను నిమిషాలు చదవండి. పేపరు అరవదు, నచ్చనిచోట పేజీ తిప్పెయ్యొచ్చు. నిద్ర లేవగానే గానీ, సాయంత్రం ఆరు దాటాక గానీ వార్తలు వద్దు. ఓట్ల లెక్కింపు రోజున ఇంట్లో టీవీ పెట్టకుండా, మధ్యాహ్నం భోజనమయ్యాక ఫలితం ఒక్కసారి వినండి. ఆ రోజు టపాసులూ ఊరేగింపులూ ఉంటాయి కాబట్టి, వీలైతే ముందురోజే వేరే ఊళ్లో ఉన్న చెల్లెలి ఇంటికో స్నేహితుడి ఇంటికో వెళ్లిపోండి.

మీ ఇంట్లోవారికి ఒక మాట. ‘మళ్లీ మొదలెట్టావా’ అని అందరూ ఒకేసారి మీద పడితే ఆయనకు అది ఇంకో వాదన. ఇద్దరికీ ముందే తెలిసిన ఒక చిన్న సైగ పెట్టుకోండి. భుజం మీద చెయ్యి వేస్తే చాలు, ఆయనకు అర్థమవుతుంది. ఆయన్ను మానమని చెప్పి పక్కగదిలో అదే చర్చ పెట్టుకోవడం మాత్రం అన్యాయం. చూడాలంటే ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి.

ఛాతీ నొప్పి, చెమటలు, ఆయాసం, మాట తడబడటం, ఒకవైపు చెయ్యో కాలో పట్టు తప్పడం కనిపిస్తే బీపీ ఎంతని చూస్తూ కూర్చోకుండా 108కి ఫోను చేయండి. ఇవేవీ లేకుండా బీపీ 180/120 దాటితే, కాసేపు ప్రశాంతంగా కూర్చుని మళ్లీ కొలవండి. తగ్గకపోతే అదే రోజు డాక్టరును కలవండి. ఇంకో సంగతి. గుండెపోటు తర్వాత కుంగుబాటు చాలామందికి వస్తుంది. చర్చలు మానేశాక కూడా రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, బతుకు మీద విరక్తి ఉంటే అది టీవీ లేని వెలితి కాదు, వైద్యం చేయించాల్సిన జబ్బు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడొచ్చు. ఈసారి గుండె డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు బీపీ నోటుబుక్కు తీసుకెళ్లి, ఈ దిగులు సంగతి కూడా దాచకుండా చెప్పండి.