గాలి పడిపోయిన వేళ పందెం

చిరంజీవి అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

హుస్సేన్‌సాగర్‌లో జరగబోయే తెరచాప పడవల పోటీలకు, ఒక్కరే నడిపే చిన్న పడవల ఐఎల్‌సీఏ 6 తరగతిలో పేరు ఇచ్చావని మీ అమ్మ చెప్పింది. వానాకాలంలో అక్కడ పడమటి గాలి జోరుగా ఉంటుందని అందరూ అంటారు. అది నిజమే గానీ, ఆ గాలి నెక్లెస్ రోడ్డు వైపున్న కట్టడాలను దాటుకుని రావాలి కనుక తెరలు తెరలుగా వీస్తుంది, ఒక్కోసారి పందెం నడుమ చప్పున పడిపోతుంది. జోరుగాలి సంగతి నీ శిక్షకులు బాగానే నేర్పారు కాబట్టి, గాలి నాలుగైదు నాట్లకు, అంటే గంటకు ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లకు, దిగినప్పుడు చేయవలసినదే రాస్తున్నాను.

అటువంటి గాలిలో పడవ వేగం అందుకోవడానికి చాలాసేపు పడుతుంది, పోగొట్టుకోవడానికి ఒక్క కుదుపు చాలు. అందువల్ల పిల్లిలా కదలడం ముందు అలవాటు చేసుకో. పడవ నడుమ నీళ్లలోకి దిగే పలక, అదే సెంటర్‌బోర్డు, దానిని ఆనుకునేంత ముందుకు జరిగి కూర్చో. పడవ వెనుక అంచు నీళ్లలో ఈడ్చుకుపోతుంటే అక్కడ గుడగుడమని చప్పుడు వస్తుంది. అది ఆగిందంటే నీవు సరైన చోట ఉన్నట్టే. గాలికి ఎదురు వెళ్లేటప్పుడు పడవను గాలి పోయే వైపుకు కొద్దిగా ఒరగనిస్తే, నీటిని రాసుకునే అడుగుభాగం తగ్గుతుంది, తెరచాప తన బరువుకే వంపు తిరిగి నిలుస్తుంది, చుక్కానిని తిప్పే కర్ర, అంటే టిల్లరు, పట్టుకున్న చేతికి చుక్కాని స్పర్శ తెలుస్తుంది. గాలి వెంట వెళ్లేటప్పుడు మాత్రం గాలి వచ్చే వైపుకు ఒరగనివ్వాలి. చుక్కానిని ఎంత తక్కువ తిప్పితే అంత మంచిది, ఎందుకంటే తిప్పిన ప్రతిసారీ అది బ్రేకు వేసినట్టే.

గాలి తగ్గిందనగానే చాలామంది తెరచాపకు బొజ్జ, అంటే వంపు లోతు, పెంచుతారు. ఆరేడు నాట్ల గాలిలో అది సరైన పనే. రెండు మూడు నాట్లకు దిగినప్పుడు మాత్రం అంత లోతైన వంపును చుట్టుకుపోయే సత్తువ గాలికి ఉండదు కనుక తెరచాప కింది అంచును లాగే ఔట్‌హాల్ తాడును కాస్త బిగించి తెరచాపను చదును చేయాలి. తెరచాప ముందంచును కిందికి లాగే కన్నింగ్‌హామ్ తాడును పూర్తిగా వదిలేయి, ముడతలు కనిపించినా పట్టించుకోకు. తెరచాపను లోపలికి లాగే మెయిన్‌షీట్ తాడును బిగబట్టవద్దు, తెరచాపకు అంటించిన దారాలలో గాలి దిగువ వైపుది (టెల్‌టేల్) వేలాడిపోతుంటే తాడు ఎక్కువ లాగావని అర్థం.

పడవను ఊపి, తెరచాపను విసిరి ముందుకు తోయాలన్న ఆత్రం ఎవరికైనా పుడుతుంది. పందెపు నియమాలలో 42వది దానిని నిషేధిస్తుంది. ట్యాక్ చేసేటప్పుడు, అంటే పడవ మూతిని గాలికి ఎదురుగా తిప్పి అవతలి వైపుకు మళ్లించేటప్పుడు, పడవను ఒరిగించి లేపవచ్చు గానీ, ట్యాక్ పూర్తయిన వెంటనే ఉన్న వేగం, అసలు ట్యాక్ చేయకపోతే ఉండే వేగాన్ని మించకూడదు. నీళ్ల మీది న్యాయనిర్ణేత పసుపు జెండా చూపితే మొదటిసారికి రెండు చుట్లు తిరగాలి. ఈ గాలిలో రెండు చుట్లంటే ఆ పందెం దాదాపు పోయినట్టే.

ఆరంభానికి ముందు గీత దగ్గరే ఉండు, దూరం పోతే సమయానికి తిరిగి చేర్చే గాలి ఉండకపోవచ్చు. గుంపులో మంచి చోటు కోసం పెనుగులాడటం కన్నా, ఎవరి తెరచాపా నీ గాలిని అడ్డుకోని చోట కాస్త వెనుకగా బయలుదేరినా నాకు సమ్మతమే. ఆ తర్వాత కళ్లు పడవలో కాదు, నీటి మీద ఉండాలి. నీరు ముదురు రంగు తిరిగి చిన్నగా గరుకెక్కిన చోట గాలి దిగుతున్నదని గుర్తు. గాలి దిశ అనుకూలించే వైపు, గాలి ఎక్కువ ఉన్న వైపు వేర్వేరైతే, తేలికగాలిలో నేను రెండవదానినే ఎంచుకుంటాను.

ఆ చెరువుకు ప్రత్యేకమైన బెడద మరొకటి ఉంది. గుర్రపుడెక్క వేర్లు, ప్లాస్టిక్ సంచులు సెంటర్‌బోర్డుకు, చుక్కానికి చుట్టుకుంటాయి. జోరుగాలిలో వాటిని ఈడ్చుకుంటూ పోయినా, తేలికగాలిలో ఒక్క సంచి పడవను నిలబెట్టేస్తుంది. పక్కనున్న పడవలు కారణం లేకుండా దాటిపోతుంటే తెరచాపను సవరించడం మొదలుపెట్టకుండా, ముందు సెంటర్‌బోర్డును జానెడు పైకెత్తి చూసి, చేయి వెనక్కి చాచి చుక్కానిని తడుము.

ఇట్లు,
మీ మామయ్య